ఒక దీర్ఘం ఎక్కువైంది

మా ప్రెస్సులో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆయన దీర్ఘాల మాస్టారు. బడిలో పాఠాలు చెప్పిన మనిషేం కాదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా మా దగ్గర ప్రూఫులు దిద్దుతున్నారు. ఎక్కడ దీర్ఘం ఎగిరిపోయినా, ఎక్కడ అక్కర్లేకుండా వచ్చి కూర్చున్నా ఆయన ఎర్ర పెన్నుకి దొరికిపోవాల్సిందే. సంగీతం నేర్పే ఒకావిడ బోర్డు వేయించుకుంటే, "ఇక్కడ పాడటం నేర్పబడును" అన్నది నా వేళ్ళ పుణ్యమా అని "ఇక్కడ పడటం నేర్పబడును" అయింది. ఆయన ఆ కాగితం తెచ్చి నా ముందు పెట్టి, నవ్వు బయటికి రానీయకుండా, "అమ్మాయ్, ఫీజెంతో కనుక్కో, మనిద్దరం చేరదాం" అన్నారు.

నేను కంప్యూటర్ మీద టైపు చేసే మనిషిని. నా వేళ్ళు నమ్మదగినవి కావని నాకు పదకొండేళ్ళుగా తెలుసు. పక్క బల్ల దగ్గర ఆయన ఉన్నారన్న ధీమాతోనే టకటకా కొట్టుకుంటూ పోయేదాన్ని.

ఆయన బల్ల కిటికీ పక్కన. బల్ల మీద ఒక స్టీలు స్కేలు, రెండు ఎర్ర పెన్నులు, కళ్ళజోడు తుడుచుకునే గుడ్డ, అంతే. ప్రతి ప్రూఫునీ రెండుసార్లు చదివేవారు. మొదటిసారి పై నుంచి, మనందరిలాగే. రెండోసారి అట్టడుగు వరుస నుంచి పైకి, ఒక్కొక్క వరుస కింద స్కేలు జరుపుకుంటూ. "అర్థం కళ్ళకి గంతలు కడుతుందమ్మాయ్. కింద నుంచి చదివితే అర్థం ఉండదు, అక్షరమే ఉంటుంది" అనేవారు. అన్నీ అయ్యాక కాగితం కుడి మూలన "సరి" అని రాసి, కింద చిన్న సంతకం పెట్టేవారు. ఆ "సరి" లేకుండా మా మిషను తిరిగేది కాదు. మిషను నడిపే మామయ్య రంగులు చూసేవాడే గానీ అక్షరాల జోలికి పోయేవాడు కాదు.

ఆయన ఒంటరి మనిషి. ప్రెస్సుకి నాలుగు వీధుల అవతల, మేడ మీద రెండు గదుల ఇల్లు. అందులో ఒక గది వాళ్ళ అన్నయ్యది. ఆయన కూడా మా ప్రెస్సులోనే, సీసపు అక్షరాలు పేర్చే రోజుల్లో పనిచేశాడు. అరవై ఏళ్ళకి చూపు పోయింది. డాక్టరు దగ్గరికి వెళ్తే "ఆలస్యంగా వచ్చారు" అన్నాడట. ఆ తర్వాత పదేళ్ళు మాస్టారే ఆయనకి అన్నం కలిపి నోట్లో పెట్టారు. ఆ అన్నయ్య పోయి చాలా కాలమైంది. ఈ సంగతి నాతో ఒకే ఒక్కసారి, టీ తాగుతూ చెప్పారు. చెప్పి గ్లాసు కింద పెట్టబోతే అది బల్ల అంచు దాటి కింద పడింది. చెయ్యి జారింది కాబోలు అనుకున్నాను. నా బుర్రకి అంతకు మించి తట్టలేదు.

ఆ తర్వాత ఒక రోజు, "ప్రింటర్‌లో ఇంకు అయిపోయిందా ఏంటి, అంతా అలికేసినట్టు వస్తోంది" అన్నారు. ఇంకు ముందురోజే మార్చాను. మరో రోజు, "పైకి చదివి వినిపించమ్మాయ్, చెవికి తప్పు తొందరగా తెలుస్తుంది" అన్నారు. చదివాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. ఒత్తు ఎక్కడ పోయిందో, దీర్ఘం ఎక్కడ సాగిందో నా గొంతులోంచే పట్టేశారు. అప్పటికి నాకు అర్థమైంది. అడగలేదు. ఓనరుకి తెలిస్తే ఆ కుర్చీ ఉండదు. "ఇప్పుడు తప్పులు కంప్యూటరే పట్టేస్తుందట కదా" అని ఓనరు అప్పటికే రెండుసార్లు అన్నాడు. అందుకని రోజూ చదివి వినిపించాను, ఆయన "సరి" రాశారు. మూడు నెలలు అలా నడిచింది. నేను ఆయనకి మేలు చేస్తున్నాననే అనుకున్నాను.

ఇంతలో నగర కౌన్సిల్ ఎన్నికలు వచ్చాయి.

మా వార్డులో పోటీ ఇద్దరి మధ్యే. ఒకాయన పదేళ్ళుగా కౌన్సిలరు. కుళాయి రావట్లేదన్నా, వీధి దీపం వెలగట్లేదన్నా "రేపు చూద్దాం" అంటాడు గనక అందరూ రేపు కౌన్సిలరు అంటారు. ఆయనకి కోపం కూడా రాదు, దానికీ రేపే. రెండో మనిషి దర్జీ అక్క. మా వీధి మలుపులో ఆవిడ కుట్టు దుకాణం. "గురువారం సాయంత్రం" అందంటే గురువారం సాయంత్రం బట్టలు చేతిలో ఉంటాయి, బొత్తాలతో సహా. దుకాణం ముందు మురుగు కాలువ మూత విరిగి, ఒక ముసలావిడ అందులో పడి తుంటి విరగ్గొట్టుకుంది. మూత వేయించమని అక్క కౌన్సిల్ ఆఫీసుకి పదకొండుసార్లు తిరిగింది. పన్నెండోసారి వెళ్ళి నామినేషన్ వేసి వచ్చింది.

కరపత్రం వేయించడానికి ఆవిడే వచ్చింది. కాలువలకి మూతలు, వీధులకి దీపాలు అని నాలుగు ముక్కలు చెప్పి, చివర, "ఇచ్చిన మాట తప్పను అని వెయ్యమ్మా. అది బాగా కనబడాలి. నా గురించి చెప్పుకోడానికి ఇంకేముంది గనక" అంది. బాగా కనబడాలని నేను అడుగున ముదురు ఎరుపు పట్టీ వేసి, దాని మీద తెల్ల అక్షరాలు పెట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ప్రూఫు తీస్తుండగా మా పాప బడి నుంచి ఫోను. ఒళ్ళు కాలిపోతోంది, వెంటనే రమ్మన్నారు. ఆ కాగితం మాస్టారి బల్ల మీద పెట్టి, "మాస్టారూ, ఇది ఇవాళే మిషను ఎక్కాలట, మీరు చూసి ఇచ్చెయ్యండి" అని సంచీ పట్టుకుని పరిగెత్తాను. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాను. చదివి వినిపించాలి కదా అనిపించింది. వెనక్కి చూస్తే ఆయన నవ్వి, "వెళ్ళు వెళ్ళు, నేను చూసుకుంటాను" అన్నారు. వెళ్ళిపోయాను.

మర్నాడు పొద్దున పాపకి జ్వరం తగ్గింది. మా అమ్మ దగ్గర వదిలి బయల్దేరాను. పాల దుకాణంలో చిల్లర కోసం నిలబడితే, గాజు డబ్బా కింద అక్క కరపత్రం కనబడింది. ఫోటో బాగానే వచ్చింది, రంగు బాగానే వచ్చింది. అడుగున ఎర్ర పట్టీ మీద తెల్లగా మెరిసిపోతూ, "ఇచ్చిన మాట తప్పాను."

మళ్ళీ చదివాను. దీర్ఘం అక్కడే ఉంది. మాట తప్పనని చెప్పమన్న మనిషి చేత, తప్పానని ఒప్పించేశాను. చిల్లర తీసుకోకుండానే, ఆ కాగితం లాక్కుని ప్రెస్సుకి పరిగెత్తాను. ప్రచారం ఆ సాయంత్రం అయిదింటికి ఆఖరు. ఎల్లుండి ఓట్లు.

మాస్టారు అప్పటికే వచ్చి కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. "మాస్టారూ, దర్జీ అక్క కరపత్రంలో..." అని ఆగిపోయాను.

"ఏమైంది? చదువు" అన్నారు.

చదివాను. ఆయన ముఖంలో రంగు మారింది.

"ఆ చివరి మాట అక్షరం అక్షరం చదువు."

"త... ప్పా..."

"పొడుగా?"

"పొడుగే మాస్టారూ."

కాగితం నా చేతిలోంచి తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళారు. దగ్గరగా పెట్టుకున్నారు, దూరంగా పెట్టుకున్నారు, తల వాల్చి పక్క నుంచి చూశారు. ఎరుపు మీద తెలుపు ఆయనకి ఉత్త మరకలా కనబడుతూ ఉండాలి. జేబులో ఉన్న ఎర్ర పెన్ను కోసం బల్లంతా తడిమారు. నాకు ఏడుపొచ్చింది.

"టైపు చేసింది నేను. నేనే చెప్పేస్తాను ఓనరు గారికి" అని, మేకుకి తగిలించిన ఫైలు దించి ఆ ప్రూఫు బయటికి తీశాను. "ఇది చించేద్దాం." ఆయన "సరి" కాగితం మూలన లేదు. వంకరగా వచ్చి అక్క ఫోటో భుజం మీద పడి ఉంది.

"ఉండనీ అక్కడ" అన్నారు మాస్టారు. "ఒక్క సరి కూడా చించలేదు నేను ఇన్నేళ్ళలో."

అప్పుడే వీధిలో మైకు వినబడింది. రేపు కౌన్సిలరు ఆటో. ఆ మనుషులు దేనికీ ఇంత చురుగ్గా ఉండటం పదేళ్ళలో మేం చూడలేదు. "చూడండి బాబూ చూడండి! ఇచ్చిన మాట తప్పానని దర్జీ అక్కే అచ్చు వేయించి పంచుతోంది! ఒప్పుకున్నావిడకి ఓటెలా వేస్తారండీ?" ఆటో వెనకే ఓనరు లోపలికి వచ్చాడు. చెవులు ఎర్రబడి ఉన్నాయి.

"ఎవరు పాస్ చేశారు ఇది?"

నేను నోరు తెరిచేలోగా మాస్టారు ఆ ప్రూఫు ఆయన చేతికిచ్చారు. "నేనే."

"కళ్ళు కనబడట్లేదా మాస్టారూ?"

కోపంలో ఎవరైనా అనే మాటే అది. మా ఇంట్లో రోజుకి పదిసార్లు అనుకుంటాం.

"కనబడకేం? పొరపాటు జరిగింది" అన్నారు మాస్టారు.

ఓనరు ఆయన వంక, ఆయన కుర్చీ వంక చూశాడు. "మిగిలినవి ఆపి కొత్తవి ఎక్కించండి. మీ సంగతి లెక్కింపు అయ్యాక మాట్లాడదాం" అని లోపలికి వెళ్ళిపోయాడు.

అక్క దుకాణానికి ఇద్దరం వెళ్ళాం. మాస్టారు గోడ వారగా నడిచారు. మెట్టు వచ్చిన ప్రతిచోటా చెప్పుతో ముందు తట్టి చూసుకుని గానీ అడుగు వేయలేదు. ఇన్నాళ్ళూ ఆయన్ని కుర్చీలోనే చూశాను గనక ఈ నడక నాకు తెలియదు.

అక్క అప్పటికే మైకు విన్నట్టుంది. మిషను తొక్కడం ఆపి మా వంక చూసింది. మాస్టారు ఎదురుగా నిలబడి, "తప్పు నాదమ్మా" అన్నారు. సాకులు చెప్పలేదు.

"ఈ చుట్టుపక్కల ఇంకో రెండు ప్రెస్సులున్నాయి మాస్టారు గారూ. మీరున్నారనే మీ ప్రెస్సుకొచ్చాను" అంది అక్క. తిట్టినా బాగుండేది. ఆవిడ కుడుతున్న బట్ట పక్కన పెట్టి లేచింది. "కుట్టు తప్పితే విప్పుకోవాలి, ఇంకేం చేస్తాం. రెండు వీధుల్లోనే పంచారు. మిగతావి ఇక్కడే ఉన్నాయి. మీ ఎర్ర పెన్ను ఉందా? పదండి, ఇల్లిల్లూ తిరిగి దిద్దుదాం. అయిదింటి వరకూ టైముంది."

ప్రెస్సు నుంచి సెలవు తీసుకోకుండా నేనూ వెళ్ళాను. ఇంటి తలుపు కొట్టడం, అక్క నమస్కారం పెట్టడం, కరపత్రం బయటికి తెమ్మనడం, మాస్టారు దాని మీద దీర్ఘం కొట్టేయడం. ప్రూఫు దిద్దే మనిషే స్వయంగా వచ్చి దిద్దుతుంటే జనం వింతగా చూశారు. ఒక తాతయ్య పళ్ళు లేని నోటితో పకపకా నవ్వాడు. "నేనింకా మెచ్చుకుంటున్నానమ్మా! అందరూ గెలిచాక తప్పుతారు, ఈవిడెవరో ముందే చెప్పేసింది అని." అక్క కూడా నవ్వింది. ప్రతి ఇంట్లోనూ నేనే కాగితం పట్టుకుని, దీర్ఘం పక్కన బొటనవేలు ఆనిస్తున్నాను. మాస్టారు నా వేలిని చూసుకుని గీత గీస్తున్నారు.

ఏడో ఇంట్లో కాగితం ఇంటావిడ నేరుగా మాస్టారి చేతికే ఇచ్చింది. నేను అందుకునేలోపు ఆయన పెన్ను తీసి, గట్టిగా, నమ్మకంగా, ఒక గీత కొట్టేశారు. అక్క పేరు మీద.

ఇంటావిడ తెల్లబోయింది. అక్క గబుక్కున ఆ కాగితం మడిచి, "పాడైందిలే, ఇంకోటిస్తా" అని తన దగ్గర మిగిలిన వాటిలో ఒకటి తీసి, తనే దీర్ఘం కొట్టేసి ఇచ్చి బయటికి నడిచింది. సందు చివర నీడలో ఆగింది.

"ఎన్నాళ్ళ నుంచి మాస్టారు గారూ?"

"ఏంటమ్మా?"

"పొద్దస్తమానం సూదిలో దారం ఎక్కించే మనిషిని. కంటి సంగతి నా దగ్గర దాస్తారా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అలసట, అంతే. ఎన్నికల పని ఎక్కువైంది."

అక్క నా వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

తల దించుకున్నాను.

"తెలిసి ఏం చేశావు?"

"చదివి వినిపిస్తున్నాను అక్కా."

"డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాల్సింది పోయి చదివి వినిపిస్తున్నావా?"

తల కొట్టేసినట్టయింది. మూడు నెలలుగా నేను మేలు అనుకుంటున్నది అదీ. నేను చదవకపోయి ఉంటే ఆయన ఎప్పుడో పట్టుబడేవారు, పట్టుబడి ఏ డాక్టరు దగ్గరికో వెళ్ళేవారు. వాళ్ళ అన్నయ్య కథ తెలిసిన మనిషిని నేను ఒక్కదాన్నే. తెలిసి కూడా రోజుకో పేజీ చదువుతూ ఆయనకి ఆలస్యం చేసి పెట్టాను.

"లెక్కింపు అయిన మర్నాడు పొద్దున ఎనిమిదింటికి మీ ఇంటి ముందుంటాను" అంది అక్క మాస్టారితో. "గెలిచినా సరే, ఓడినా సరే. కంటి ఆసుపత్రికి వెళ్తున్నాం."

"నీకు సవాలక్ష పనులుంటాయి, నాకోసం..."

"చెప్పానుగా."

అయిదింటికి మైకులు ఆగిపోయేసరికి రెండు వీధుల్లో నూట పదహారు ఇళ్ళు తిరిగాం. పాతిక ఇళ్ళకి తాళాలు. ఆ పాతిక కాగితాలూ ఆ రాత్రంతా నా కళ్ళ ముందే ఆడాయి.

ఓట్లు పడ్డాయి. లెక్కింపు రోజు ప్రెస్సులో ఎవరూ పని చేయలేదు. మాస్టారు ముందు ఒక ప్రూఫు ఉంది. నేను చదవలేదు, ఆయన చదవమని అడగలేదు. మధ్యాహ్నం మిషను మామయ్య ఫోను చెవికి పెట్టుకుని లోపలికి వచ్చాడు. అక్క ఓడిపోయింది. ముప్పై ఏడు ఓట్ల తేడాతో.

"తాళాలేసిన ఇళ్ళు పాతిక" అన్నారు మాస్టారు. "ఇంటికి ఇద్దరనుకున్నా..." వేళ్ళు మడుస్తూ ఆగిపోయారు. ఆ లెక్క ఎవరం పూర్తి చేయలేదు. రేపు కౌన్సిలరు ఊరేగింపు మా ప్రెస్సు ముందు నుంచే వెళ్ళింది. మూత లేని ఆ కాలువ పక్క నుంచి జాగ్రత్తగా తప్పుకుని వెళ్ళింది.

మర్నాడు ఏడున్నరకే నేను మాస్టారి ఇంటికి చేరాను. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చుని ఉన్నారు. బొత్తాలు ఒక కాజా తప్పి పెట్టుకున్నారు. సరిచేశాను. "ఆవిడ రాదులే అమ్మాయ్, రాకపోయినా అనుకోకూడదు" అన్నారు. రాకపోతే బాగుండునని కూడా ఆయన గొంతులో వినబడింది. అవతలి గదిలో అన్నయ్య మంచం ఇంకా అలాగే ఉంది.

గోడ గడియారం ఎనిమిది కొడుతుండగా మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. అక్క కళ్ళ కింద నల్లగా ఉంది. నిద్ర పోయినట్టు లేదు.

"నావల్లే ఓడిపోయావమ్మా" అన్నారు మాస్టారు, లేవకుండానే.

అక్క ఆలోచించింది. "కావచ్చు" అంది. "ఎనిమిదైంది, పదండి."

ఆసుపత్రిలో గోడకి అక్షరాల బోర్డు. దాని మీద బల్బు. పైన ఒకే ఒక పెద్ద అక్షరం, కిందికి వచ్చేకొద్దీ చిన్నవి. మాస్టారిని ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టి, ఒక కన్ను మూసి, పరీక్ష చేసే అమ్మాయి పొడుగు పుల్లతో చూపించింది. పెద్ద అక్షరం చదివారు. రెండో వరుస తడుముకుంటూ చదివారు. మూడో వరుస దగ్గర ఆగిపోయారు.

ఆగి, తల నా వైపు తిప్పారు.

ఇన్నాళ్ళూ ప్రెస్సులో తిప్పినట్టే. నేను చదివితే ఆయన అందుకునేవారు. ఆ వరుసలో ఏముందో నాకు స్పష్టంగా కనబడుతోంది. నోటి దాకా వచ్చింది కూడా. పళ్ళు బిగపట్టాను. అక్క నా మోచెయ్యి పట్టుకుంది, గట్టిగా. ఆయన ఎదురుచూశారు. ఆ అమ్మాయి పుల్ల కదపకుండా నిలబడింది. మాస్టారి ముఖం చూడలేక నేల వంక చూశాను.

"కనబడట్లేదమ్మా" అన్నారు చివరికి.

"ఎన్నాళ్ళ నుంచండీ?" అని ఆ అమ్మాయి కాగితం తీసుకుంది.

"ఎనిమిది నెలలైంది."

నేను మూడే అనుకున్నాను.